స్లోలో నిలవని చిన్న పెట్రోల్ ఇంజిన్: స్క్రూ తిప్పకముందు చూడాల్సినవి

మందు కొట్టే కాలం మొదలవగానే నల్లగొండ, మహబూబ్‌నగర్ వైపు మెకానిక్ షాపుల్లో వినిపించే మాట ఒకటే: “రేస్ ఇస్తే మంచిగనే నడుస్తది, వదిలితే బందయితది.” తైవాన్ పంపు అయినా, పవర్ వీడర్ అయినా, నీళ్లు తోడే చిన్న ఇంజిన్ అయినా కారణం ఎక్కువగా ఒక్కచోటే ఉంటుంది. ఎక్స్‌లేటర్ పూర్తిగా వదిలినప్పుడు, అంటే స్లోలో, పెట్రోల్ అందేది కార్బొరేటర్ (గాలి, పెట్రోల్ కలిపే భాగం)లోని స్లో దారి నుంచే. అందులోని జెట్ (పెట్రోల్‌ను కొలిచి వదిలే చిన్న ముక్క) చిల్లు సాధారణంగా అర మిల్లీమీటరు కూడా ఉండదు. రేస్‌లో పెట్రోల్ ఇచ్చే మెయిన్ జెట్ చిల్లు పెద్దది కాబట్టి రేస్‌లో లోపం బయటపడదు. పత్తి అయిపోయాక ట్యాంకులో పెట్రోల్‌తోనే కొట్టంలో పెట్టేసిన మిషన్‌లో ముందు మూసుకుపోయేది ఈ చిల్లే.

స్లో వేగం పెంచే స్పీడ్ స్క్రూ బిగించి ఎలాగోలా నడిపించడం చాలామంది చేసే పని. వీడర్‌కు, గడ్డి కోసే మిషన్‌కు అది ప్రమాదం. స్లో ఎక్కువైతే క్లచ్ పట్టుకుని, ఎక్స్‌లేటర్ వదిలినా బ్లేడు తిరుగుతూనే ఉంటుంది. స్క్రూ జోలికి పోకముందు చోక్‌ను (గాలిని తగ్గించే మూతను) అడగాలి.

ఇంజిన్‌ను ఐదు నిమిషాలు నడిపి వేడెక్కనివ్వండి. స్లోకు తెచ్చి, ఆగబోతుండగా చోక్ సగం మూయండి. నిలబడిందంటే పెట్రోల్ తక్కువ అందుతోంది, లేదా ఎక్కడో పక్క నుంచి గాలి లాగుతోంది. స్పీడ్ దానంతటదే పెరుగుతూ తగ్గుతూ ఊగడం కూడా ఈ కోవలోదే. చోక్ వేయగానే ఇంకా తొందరగా ఆగి, నల్లపొగ వచ్చి, ప్లగ్ తడిగా కనిపిస్తే పెట్రోల్ ఎక్కువవుతోంది. అప్పుడు ఫ్లోట్ నీడిల్ (కార్బొరేటర్ కప్పు నిండగానే పెట్రోల్‌ను ఆపే సూది) సరిగ్గా కూర్చుంటోందా, ఎయిర్ ఫిల్టర్ దుమ్ముతో మూసుకుపోయిందా చూడాలి. చల్క నేలల్లో తిరిగే వీడర్ ఫిల్టర్ ఎంత తొందరగా నిండుతుందో అక్కడివాళ్లకు చెప్పక్కర్లేదు.

గాలి లీకు పట్టడానికి, కార్బొరేటర్ ఇంజిన్‌కు కలిసే అతుకు దగ్గర సబ్బు నీళ్లు కొద్దిగా పోయండి. శబ్దం మారితే గాస్కెట్ పోయినట్టు, లేదా నట్లు వదులైనట్టు. ఇదే పరీక్షకు పెట్రోల్ చల్లేవాళ్లున్నారు. సైలెన్సర్ పక్కనే కాలుతూ ఉంటుంది, ఆ పని వద్దు.

లీకు లేకపోతే కార్బొరేటర్ విప్పాల్సిందే. ఇంజిన్ చల్లారాక పెట్రోల్ ట్యాప్ మూసి, ప్లగ్ క్యాప్ తీసి, ఫ్లోట్ కప్పు బోల్టు విప్పి అందులోని పెట్రోల్‌ను ఒక తెల్ల గిన్నెలోకి వంచండి. అడుగున గుండ్రటి బొట్లు వేరుగా దొర్లుతుంటే అవి నీళ్లు. ఇప్పుడు బంకుల్లో పోసేది ఇథనాల్ కలిపిన పెట్రోల్, అది చెమ్మను పట్టుకుంటుంది. కప్పు అడుగున పసుపు, గోధుమ రంగు జిగురు పట్టి, పుల్లటి వాసన వస్తే పెట్రోల్ పాతబడింది. అలాంటి ట్యాంకును ఖాళీ చేయకుండా జెట్ ఒక్కటే కడిగితే రెండు రోజుల్లో మళ్లీ అదే కథ.

హోండా జీఎక్స్160 తరహా ఇంజిన్లలో స్లో జెట్ నల్లటి ప్లాస్టిక్ ముక్క. స్పీడ్ స్క్రూ తీస్తే దాని కింద కనిపిస్తుంది. చిన్న స్క్రూడ్రైవర్‌తో మెల్లగా పైకి లేపాలి, చుట్టూ ఉన్న ఓరింగ్ తెగకూడదు. జెట్‌ను వెలుతురుకు ఎత్తి చూడండి: గుండ్రని చుక్కలాగా వెలుగు కనిపించాలి. మసకగా ఉన్నా, ఒకపక్కే వెలుగున్నా జిగురు ఉన్నట్టే. ఇక్కడ సూది, గుండుపిన్ను దూర్చవద్దు. చిల్లు వెడల్పైతే ఇక ఎన్నటికీ సెట్ కాదు. కార్బ్ క్లీనర్‌లో పావుగంట నానబెట్టి, కరెంటు వైరులోని ఒక్క రాగి పోగుతో మెల్లగా తుడిచి, గాలి కొట్టండి. స్ప్రే కొట్టేముందు రబ్బరు భాగాలన్నీ తీసేయాలి. గాలి, పెట్రోల్ పాళ్లు సరిచేసే మిక్చర్ స్క్రూ తీసినచోట, బాడీలోని సన్న దారుల్లో కూడా గాలి కొట్టాలి. కళ్లకు అద్దాలు పెట్టుకోండి. తిరిగి బిగించేటప్పుడు గాస్కెట్‌లోని చిన్న చిల్లు కార్బొరేటర్ చిల్లుకు ఎదురుగా రాకపోతే, ఇంత కష్టమూ వృథా.

గడ్డి కోసే మిషన్లకు చాలావాటికి ఫ్లోట్ ఉండదు, డయాఫ్రమ్ అనే పలచటి పొర ఉంటుంది. అది రేకులా గట్టిపడితే కడిగినా లాభం లేదు, కిట్ కొని మార్చాలి. రెండు స్ట్రోకుల మిషన్‌లో పెట్రోల్‌లో కలిపే ఆయిల్ పాళ్లూ చూడండి: 25:1 అంటే లీటరుకు 40 మి.లీ., 50:1 అంటే 20 మి.లీ.

సెట్టింగ్ చివర్లో. మిక్చర్ స్క్రూను నొక్కకుండా లోపలికి తిప్పి, ఆగినచోట నుంచి ఒకటిన్నర, రెండు చుట్లు వెనక్కి తిప్పండి. వేడి ఇంజిన్ మీద పావు చుట్టు అటూఇటూ తిప్పుతూ స్పీడ్ ఎక్కువ వచ్చేచోట ఆపి, అప్పుడు స్పీడ్ స్క్రూతో తగ్గించండి. జీఎక్స్160కి స్లో సుమారు 1400 ఆర్‌పీఎం, భుజాన వేసుకునే జీఎక్స్35కి సుమారు 3100. మిక్చర్ స్క్రూకు ప్లాస్టిక్ టోపీ అడ్డం ఉంటే విరగ్గొట్టకండి.

ఇంత చేసినా నిలవకపోతే ప్లగ్ గ్యాప్, ఆ తర్వాత వాల్వ్ గ్యాప్ చూడాలి. పాత జీఎక్స్160ల్లో చల్లని ఇంజిన్ మీద ఇన్‌లెట్ 0.15, ఎగ్జాస్ట్ 0.20 మి.మీ.

సీజన్ అయ్యాక ట్యాంకు ఖాళీ చేసి, ఆరుబయట ఇంజిన్‌ను దానంతటదే ఆగేదాకా నడపండి. తర్వాత ఫ్లోట్ కప్పు కింది స్క్రూ వదులు చేసి మిగిలిన చుక్కలూ వంచేయండి.