స్కూల్లో చైనీస్: ఇంగ్లిష్‌ను పక్కన పెట్టి చదవండి

చైనీస్ పాఠ్యపుస్తకం తెరవగానే కనిపించేవి ఇంగ్లిష్ అక్షరాలే. చైనీస్ ఉచ్చారణను చూపే ఆ రాత పేరు పిన్‌యిన్. చైనా దాన్ని 1958లో ఆమోదించింది. తెలిసిన అక్షరాలే కదా అని ఇంగ్లిష్‌లా చదివేస్తే ఉచ్చారణ మొదట్లోనే పాడవుతుంది. పిన్‌యిన్‌లో ‘బి’ అంటే బ కాదు, ప. ‘పి’ అంటే అదే ప, గట్టిగా ఊపిరి వదులుతూ. అలాగే ‘డి’ త, ‘టి’ థ. ‘జి’ క, ‘కె’ ఖ. ‘జె’ చెట్టులోని చకు దగ్గర, ‘జెడ్’ చుక్కలోని చకు దగ్గర. ఈ రెండు ‘చ’ల తేడా ఇంగ్లిష్ నోటికి కష్టం, మనకు ఉన్నదే. మాటల్లో ఒత్తులు మింగేసే అలవాటు మాత్రం ఇక్కడ చెల్లదు. పెదాల ముందు పల్చటి కాగితం పట్టుకోండి: ‘పి’కి కదలాలి, ‘బి’కి కదలకూడదు.

టోన్లు, అంటే మాట అర్థాన్నే మార్చే గొంతు ఎత్తుపల్లాలు, నాలుగు: 1 ఎత్తులో సమంగా, 2 పైకి, 3 అడుగున, 4 పైనుంచి కిందికి. ఇవి కాక తేలిగ్గా వదిలేసేది ఇంకొకటి. పుస్తకంలో 3వ టోన్ గీత దిగి మళ్లీ లేస్తుంది. మాటల మధ్యలో అది చాలావరకు లేవదు, అడుగునే ఉంటుంది. రెండు 3వ టోన్లు పక్కపక్కన పడితే మొదటిది 2వదిగా మారుతుంది. ‘నీ హావ్’లో జరిగేది అదే. ‘మై’ 3వ టోన్‌లో కొనడం, 4వ టోన్‌లో అమ్మడం. వాక్యం చివర గొంతు దించే అలవాటు కొద్దీ ‘కొంటాను’ కాస్తా ‘అమ్ముతాను’ అవుతుంది. అందుకే టోన్లను విడిగా కాదు, జంటలుగా సాధన చేయాలి. తేలిగ్గా వదిలేసేది రెండో స్థానంలో వచ్చేవీ కలిపి మొత్తం 20 జంటలు. ఒక్కోదానికి ఒక మాట ఎంచుకుని రోజూ 10 నిమిషాలు రికార్డు చేసి వినండి.

అక్షరాలను బొమ్మల్లా బట్టీ పట్టకండి, విడదీయండి. ‘మా’ అంటే గుర్రం. దాని ఎడమన స్త్రీ గుర్తు పెడితే అమ్మ. నోటి గుర్తు పెడితే ప్రశ్న చివర వచ్చే ‘మా’. నెత్తిన రెండు నోళ్లు పెడితే తిట్టడం! గుర్రం శబ్దాన్నిస్తుంది, చేరిన గుర్తు అర్థాన్ని సూచిస్తుంది.

రోజుకు 5 అక్షరాలు చాలు, గళ్ల నోటుబుక్‌లో. పైనుంచి కిందికి, ఎడమ నుంచి కుడికి; పెట్టెలాంటి అక్షరమైతే లోపలిది రాశాకే అడుగు గీత. ఒకే అక్షరం వరసగా 20 సార్లు రాస్తే చెయ్యి కదులుతుంది, బుర్ర నిద్రపోతుంది. చూసి 3 సార్లు, పుస్తకం మూసి ఒకసారి రాయండి. మర్నాడు, 3వ రోజు, 7వ రోజు మళ్లీ చూడకుండా రాయండి.

వ్యాకరణం అంత భయపెట్టదు, క్రియకు కాలాన్ని బట్టి రూపాలు లేవు. ‘నేను కొన్న పుస్తకం’ అనాలంటే ‘వో మై త షూ’: నేను, కొను, ‘త’ అనే ముడి, పుస్తకం. మన వరసే. ‘రేపు స్కూల్లో’ కూడా మనలాగే క్రియకు ముందే వస్తుంది; కర్మ మాత్రం క్రియ తర్వాతికి వెళ్తుంది. తప్పులు ఎక్కువగా పోయేది లెక్క మాటల్లో. మనం మనుషులకు ‘ముగ్గురు’, వస్తువులకు ‘మూడు’ అన్నట్టు, అక్కడ అంకెకూ నామవాచకానికీ మధ్య వస్తువును బట్టి మారే మాట ఉండాలి: మూడు పుస్తకాలు ‘సాన్ పన్ షూ’. కొత్త నామవాచకం రాసుకునేటప్పుడే దాని లెక్క మాటా పక్కన రాసుకోండి.

ఫోన్‌లో పిన్‌యిన్ కొట్టి అక్షరం ఎంచుకోవడం వల్ల గుర్తుపట్టడం వస్తుంది, రాయడం రాదు. పరీక్ష చేతిరాతదైతే వారానికి రెండుసార్లు డిక్టేషన్ పెట్టుకోండి. తప్పు వచ్చినప్పుడు అక్షరమంతా కాకుండా, మరిచిపోయిన ముక్కను మాత్రమే ఎర్ర పెన్నుతో దిద్దండి.