తల్లి చేతికే టేపు: నైజర్ పల్లెల్లో పిల్లల జబ్బ కొలిచే పద్ధతి

నైజర్‌లో ఏటా జూన్ నుంచి సెప్టెంబరు దాకా కరువు నెలలు. గాదెల్లో పాత సజ్జలు అయిపోతాయి, కొత్త పంట ఇంకా ఇంటికి రాదు. మలేరియా, విరేచనాలు విరుచుకుపడేదీ అప్పుడే. పోషకాహార లోపం ఉందో లేదో జబ్బ చుట్టుకొలతతో తెలుస్తుంది; కానీ కార్యకర్త వచ్చి కొలిచేదాకా ఆగితే బిడ్డ పరిస్థితి చేయి దాటిపోతుంది. అందుకే అలీమా అనే సహాయ సంస్థ జిందర్ ప్రాంతంలోని మిరియాలో కొలిచే పని తల్లులకే నేర్పింది. వాళ్ళు పిల్లల్ని ముదరకముందే తీసుకొచ్చారు, ఆస్పత్రిలో చేర్చాల్సిన అవసరమూ తగ్గింది. ఇలాంటి పని తలపెట్టే సంస్థలు ఇలా మొదలుపెట్టవచ్చు.

ఆరు నెలల నుంచి అయిదేళ్ళ లోపు పిల్లలకే ఈ కొలత. పుట్టిన తేదీ తెలియకపోతే 65 సెంటీమీటర్ల పొడవు దాటిన బిడ్డకు ఆరు నెలలు నిండినట్టే లెక్క వేస్తారు. చొక్కా చేయి పైకి మడవడం చాలదు, పూర్తిగా విప్పాలి. భుజం ఎముకకూ మోచేతికీ నడిమి చోటు చూసుకుని, చేయి వేలాడదీసి టేపు చుట్టాలి. తల్లి నడిమి చోటును కంటితో అంచనా వేసుకుంటే చాలు. టేపు మీద 115 మిల్లీమీటర్ల లోపు ఎరుపు, అంటే తీవ్ర లోపం; 115 నుంచి 125 లోపు పసుపు, అంటే ఒక మోస్తరు లోపం; ఆపైన ఆకుపచ్చ, అంటే లోపం లేనట్టు.

ఎక్కువగా తప్పు జరిగేది బిగింపులో. చర్మం ముడత పడేలా లాగితే పసుపు బిడ్డ ఎరుపులోకి వస్తుంది. టేపుకూ చర్మానికీ మధ్య సందుంటే ఎరుపు బిడ్డ పసుపులో దాక్కుంటుంది. రెండోదే ప్రమాదం. ప్రతి తల్లి చేతా మీ ఎదుటే కొలిపించండి, వెంటనే మీరూ కొలవండి. రంగు కలిసేదాకా ఇంటికి పంపవద్దు.

టేపు ఒక్కటే చాలదు. రెండు పాదాల పైభాగాన బొటనవేలితో మూడు సెకన్లు నొక్కి వదలమనండి. రెండింటిలోనూ గుంట అలాగే నిలిస్తే నీరు పట్టినట్టే. అప్పుడు టేపు ఆకుపచ్చ చూపినా అది తీవ్ర పోషకాహార లోపమే. బిడ్డ బొద్దుగా కనబడుతోందని ఇంటివాళ్ళు నిశ్చింతగా ఉంటారు కాబట్టి దీన్ని రెండుసార్లు నేర్పాలి.

ఎరుపో, నీరో కనబడిన బిడ్డను ఆరోగ్య కేంద్రానికి తెస్తే అక్కడ మొదట ఆకలి పరీక్ష. చేతులు కడిగి, వైద్యానికి ఇచ్చే వేరుశనగ ముద్ద ప్యాకెట్ చించి, తల్లే పెట్టాలి. పక్కన గిన్నెలో నీళ్ళు ఉంచాలి. బలవంతం కూడదు. ఆరు కిలోల బిడ్డ పావు నుంచి మూడో వంతు తింటే ఇంటి దగ్గరే వైద్యం సాగించవచ్చు. తినకపోయినా, వాంతులవుతున్నా, మగతగా ఉన్నా, ఒళ్ళంతా నీరు పట్టినా ఆస్పత్రికే పంపాలి.

ప్యాకెట్ 92 గ్రాములు, 500 కేలరీలు: వేరుశనగ, పాలపొడి, పంచదార, నూనె, విటమిన్లు, ఖనిజాలు. నీరు లేనందువల్ల సూక్ష్మక్రిములు పెరగవు, వండే పనీ లేదు. ఆరు కిలోల బిడ్డకు రోజుకు రెండు చొప్పున వారానికి 14 ఇవ్వండి. ముందు తల్లిపాలు, తర్వాత ముద్ద, మధ్యమధ్య నీళ్ళు. జావలో కలపవద్దు.

వారం వారం వచ్చినా బరువు పెరగలేదంటే ముందుగా చూడాల్సింది ఇంట్లో పంపకం. ఆకలిగా చూస్తున్న మిగతా పిల్లలకు తల్లి కాస్త పెట్టకుండా ఎలా ఉంటుంది? ఆమెను మందలించి లాభం లేదు, ఇంటిల్లిపాదికీ వేరే ధాన్యం ఇవ్వాలి. ముద్ద ఆ బిడ్డకు మందని చెప్పండి, ఖాళీ ప్యాకెట్లు తెమ్మనండి. అప్పటికీ పెరగకపోతే క్షయ, హెచ్ఐవీ పరీక్షలు చేయించాలి. వరుసగా రెండు రాకల్లో జబ్బ కొలత 125 మిల్లీమీటర్లు దాటి, రెండు వారాలు పాదాల్లో నీరు లేకుంటే వైద్యం ముగించవచ్చు. టేపు మాత్రం తల్లి దగ్గరే ఉండాలి.

పెట్టెకు 150 ప్యాకెట్లు, బిడ్డకు సుమారు ఒక పెట్టె లెక్క. వానలకు దారులు తెగకముందే సరుకు కేంద్రానికి చేరాలి, టేపులు పంచడం ఆ తర్వాతే. ఎరుపు చూసి బిడ్డను ఎత్తుకుని మైళ్ళు నడిచొచ్చిన తల్లిని వట్టి చేతులతో పంపితే, ఆమె మళ్ళీ రాదు.