కిందికి దించిన పికప్‌కు షాక్‌లు (షాక్ అబ్జార్బర్లు) కొనేముందు

అమెరికాలో ఎక్కువగా దించే, అంటే సస్పెన్షన్ మార్చి నేలకు దగ్గర చేసే, 1988–98 షెవర్లే సి1500 లాంటి బండిని దృష్టిలో పెట్టుకోండి. ముందు కాయిల్ స్ప్రింగులు, వెనక కమాన్ కట్టలు.

– బండిని ఎలా దించారో ముందు తెలుసుకోండి. ‘4 అంగుళాలు దించాం’ అంటే సరిపోదు. ముందు వైపు డ్రాప్ స్పిండిల్ (చక్రం బిగించే ఇరుసు మొనను పైకి జరిపిన భాగం) మాత్రమే వేస్తే కంట్రోల్ ఆర్మ్ (చక్రాన్ని చట్రానికి కలిపే చేయి) పాత చోటే ఉంటుంది, పాత పొడవు షాక్ సరిపోతుంది. పొట్టి స్ప్రింగులు వేస్తే మాత్రం షాక్ ఎప్పుడూ సగం నొక్కుకునే ఉంటుంది, పొట్టిది కావాలి. వెనక ఫ్లిప్ కిట్‌తో ఇరుసును కమాన్ కట్టల పైకి ఎక్కించి ఉంటే పొట్టి షాక్ కానీ, బిగింపు చోటు మార్చే బ్రాకెట్ కానీ తప్పదు.

– టేపుతో కొలవండి, కేటలాగును నమ్ముకోకండి. వెనక షాక్‌కైతే, బండి చక్రాల మీద నిలబడి ఉండగా పై బోల్టు నుంచి కింది బోల్టుకు ఎంతో రాసుకోండి. అందులోంచి బంప్ స్టాప్‌కూ (ఇరుసు చట్రానికి కొట్టుకోకుండా ఆపే రబ్బరు దిమ్మ) ఇరుసుకూ మధ్య ఖాళీ తీసేయండి. పూర్తిగా నొక్కిన షాక్ పొడవు అంతకంటే తక్కువే ఉండాలి. రబ్బరు కూడా నలుగుతుంది కాబట్టి అర అంగుళమైనా అదనంగా వదలండి. లేకపోతే గుంటలో పడ్డ ప్రతిసారీ దెబ్బ షాక్‌కే.

– ఇరుసు కిందికి వేలాడినప్పటి కొలత కూడా తీసుకోండి, షాక్ అంతవరకూ సాగాలి.

– కొలిచేటప్పుడు జాకీ ఒక్కదాన్నే నమ్మి బండి కిందికి దూరొద్దు, స్టాండ్లు పెట్టండి.

– వెనక కుంగుతోందని గట్టి షాక్‌లు కొనకండి. బరువు మోసేది స్ప్రింగులే.