సొంత పీసీ డీవీఆర్: లైవ్ బాగుంది, రికార్డింగ్‌లో మాత్రం ఖాళీలు

సమస్య: పాత పీసీనే డీవీఆర్‌గా (కెమెరా వీడియో దాచే రికార్డర్‌గా) మార్చి నాలుగు ఐపీ (నెట్‌వర్క్) కెమెరాలు కలిపారు. లైవ్ చక్కగా వస్తోంది. ప్లేబ్యాక్‌లో మధ్యమధ్య పది, ఇరవై సెకన్లు ఎగిరిపోతున్నాయి.

ముందు చూడాల్సింది: ఖాళీ ఒక్క కెమెరాలోనే ఉందా, నాలుగింటిలోనూ ఒకే సమయానికి ఉందా? టైమ్‌లైన్లు పక్కపక్కన పెడితే నిమిషంలో తేలిపోతుంది. ఇది చూడకుండానే కేబుళ్లు మార్చేస్తారు, విండోస్ మళ్లీ ఎక్కిస్తారు. దయచేసి మరేదీ ముట్టుకోకముందే ఇది చూడండి.

ఒక్క కెమెరాలోనే అయితే
పీసీ జోలికి వెళ్లకండి. నెట్‌వర్క్ కేబుల్ చివరి ఆర్‌జే45 ప్లగ్‌ను మళ్లీ క్రింప్ చేయండి (కొత్తగా బిగించండి). రాత్రిళ్లే పోతుంటే పవర్ సరిపోవడం లేదేమో చూడండి. చీకట్లో చూడ్డానికి ఉండే ఐఆర్ లైట్లు వెలగగానే కెమెరా ఎక్కువ కరెంటు లాగుతుంది, సన్న వైరు మీద దూరం నుంచి వచ్చే 12 వోల్టులు పడిపోతాయి, కెమెరా రీస్టార్ట్ అవుతుంది. అడాప్టర్‌ను కెమెరా దగ్గరికి జరపండి. ఖాళీ కాకుండా బొమ్మ చెదిరి మరకలు పడుతుంటే కెమెరా వీడియోను తెచ్చే ఆర్‌టీఎస్‌పీ సెట్టింగ్‌ను యూడీపీ నుంచి, పోయిన డేటాను మళ్లీ పంపించే టీసీపీకి మార్చండి.

అన్నిటిలో ఒకేసారి అయితే
హార్డ్ డిస్కు ఎస్ఎంఆర్ రకమేమో (అదేమిటో కింద చెబుతాను) చూడండి. ఇది మొదట్లో బయటపడదు, అందుకే ఎవరూ అనుమానించరు. ఒక్కో కెమెరా 4 ఎంబీపీఎస్ (సెకనుకు 4 మెగాబిట్లు) చొప్పున రోజుకు 43 జీబీ, నాలుగింటికీ 173 జీబీ. 2 టీబీ డిస్కు పదకొండు రోజులకు నిండుతుంది. అప్పటిదాకా అంతా సవ్యంగా ఉంటుంది. పాత ఫైళ్లు తీసేసి కొత్తవి రాయడం మొదలవగానే ఖాళీలు మొదలవుతాయి.

ఎస్ఎంఆర్‌లో ట్రాకులు (డేటా రాసే వలయాలు) పెంకుల్లా ఒకదానిమీద ఒకటి కొంత కప్పుకుని ఉంటాయి. ఒకదాన్ని తిరగరాయాలంటే దాని పక్కవాటినీ చదివి మళ్లీ రాయాలి. ఆ పని కోసం రాత ఆగకుండా, కొత్త డేటాను ముందు దాచుకునే క్యాష్ భాగం డిస్కులో కొంత ఉంటుంది. నాలుగు స్ట్రీములు రాత్రింబగళ్లు రాస్తుంటే దాన్ని ఖాళీ చేసుకునే తీరిక డిస్కుకు దొరకదు. అది నిండగానే రాత కొన్ని సెకన్లు ఆగిపోతుంది. కెమెరా మాత్రం ఆగదు కదా, రాసేలోపు వీడియో ఆగే తాత్కాలిక చోటు (బఫర్) పొంగి ఆ వీడియో పోతుంది. లైవ్‌కు డిస్కుతో పనిలేదు కాబట్టి అది బాగానే కనిపిస్తుంది.

"రాసేది సెకనుకు 2 మెగాబైట్లే, డిస్కు 150 ఇస్తోంది" అనకండి. ఖాళీ డిస్కు మీద చేసిన స్పీడ్ టెస్టు దీన్ని పట్టుకోలేదు. రికార్డింగ్‌ను ఒక రోజు ఎస్ఎస్‌డీకి మళ్లించండి. ఖాళీలు పోతే దొంగ దొరికినట్టే. లేబుల్ మీది మోడల్ నంబరును తయారీదారు జాబితాలో చూసి ఖాయం చేసుకోండి.

పరిష్కారం సీఎంఆర్ డిస్కు, అంటే ట్రాకులు ఒకదాన్నొకటి కప్పుకోని రకం. కొనలేకపోతే రికార్డింగ్ ఎస్ఎస్‌డీ మీద జరగనిచ్చి, పూర్తయిన ఫైళ్లను గంటకోసారి పాత డిస్కుకు తరలించండి. అక్కడ రాత ఆలస్యమైనా ఇక వీడియో పోదు. డిస్కులో కొంత ఖాళీ వదిలితే సరిపోతుందనుకోవద్దు. ట్రిమ్ (ఏ చోటు తీసేశారో డిస్కుకు చెప్పే ఆదేశం) లేని డిస్కుకు ఫైలు తొలగించిన సంగతే తెలియదు.

మిగతావి అరుదు. డిస్కు తన ఆరోగ్యం నమోదు చేసుకునే స్మార్ట్ వివరాల్లో సీఆర్‌సీ లెక్క (దారిలో డేటా చెడిన తప్పులు) పెరుగుతుంటే సాటా కేబుల్ మార్చండి. గంటలకు గంటలు పోతుంటే అది పీసీ స్లీప్, ఆపేయండి. స్ట్రీమును మళ్లీ ఎన్‌కోడ్ చేయకుండా ఉన్నదున్నట్టు రాస్తుంటే ప్రాసెసర్‌ను అనుమానించాల్సిన పనిలేదు.