కెల్టిక్ హార్ప్ ఎలా నేర్చుకోవాలి? నలుగురితో కలిసి ఎలా వాయించాలి?

హార్ప్ అనగానే చాలామందికి ఆర్కెస్ట్రాలో మనిషంత ఎత్తున, బంగారు రంగులో మెరిసే వాయిద్యం గుర్తొస్తుంది. అది పెడల్ హార్ప్. మనం మాట్లాడుకునేది దాని పల్లెటూరి అక్క, కెల్టిక్ హార్ప్ గురించి. ఐర్లండ్ యూరో నాణేల మీద ఉండేది ఈ అక్క బొమ్మే. స్కాట్లండ్‌లో దీన్ని క్లార్సాక్ అంటారు. వేల్స్‌లో, ఫ్రాన్స్‌లోని బ్రిటనీలో కూడా దీని బంధువులున్నారు.

వయొలిన్ నేర్చుకునేవాళ్ళు మొదటి ఆరు నెలలూ ఇరుగుపొరుగును ఏడిపిస్తారు. హార్ప్‌కు ఆ బాధ లేదు, మొదటి రోజే తీగ మీటితే తియ్యగా పలుకుతుంది. చిక్కు కూడా అక్కడే ఉంది. ఇంట్లో ఒంటరిగా నేర్చుకునేవాళ్ళు ఆ తియ్యదనానికే మురిసిపోయి, తాళం సంగతి మర్చిపోతారు. అందుకే ‘బాగా వచ్చాక నలుగురిలోకి వెళ్దాం’ అనుకోకండి. రెండు పాటలు వస్తే చాలు, వెళ్ళిపోండి.

1. వాయిద్యం ఎంచుకోవడం

ఇప్పుడు ఎక్కువమంది వాయించేది లీవర్ హార్ప్. ప్రతి తీగ పైభాగాన చిన్న మీట (లీవర్) ఉంటుంది. దాన్ని ఎత్తితే ఆ తీగ శ్రుతి అర స్వరం పెరుగుతుంది. తీగలు 22 నుంచి 38 వరకు ఉంటాయి. ఒళ్ళో పెట్టుకునే 22 తీగల హార్ప్ ముద్దుగా ఉంటుంది కానీ, ఎడమ చేతికి త్వరలోనే చోటు చాలదు. కనీసం 26 తీగలున్నది చూడండి, 34 ఉంటే ఇంకా నయం. కొన్ని చవక హార్ప్‌లకు సీ, ఎఫ్ (ఇవి పాశ్చాత్య స్వరాల పేర్లు) తీగలకే లీవర్లు పెడతారు. అన్ని తీగలకూ ఉన్నాయో లేదో అడిగి తెలుసుకోండి.

అయినా నా సలహా ఒక్కటే, మొదట కొనకండి, అద్దెకు తీసుకోండి. స్కాట్లండ్‌లో 1931 నుంచి ఉన్న క్లార్సాక్ సొసైటీ, ఐర్లండ్‌లో 1960లో మొదలైన కార్జె న క్రుచ్ లాంటి సంఘాలు హార్ప్‌లు అద్దెకిస్తాయి. ఎడిన్‌బరోలోనో డబ్లిన్‌లోనో ఉంటున్న తెలుగువాళ్ళకు ఇదే తేలిక దారి. హైదరాబాద్‌లో కూర్చుని విదేశం నుంచి తెప్పించుకునేవాళ్ళు మాత్రం హార్ప్‌తో పాటే ఒక సెట్ అదనపు తీగలు, శ్రుతి చేసే కీ కూడా తెప్పించుకోవాలి. తీగ తెగాక ఆర్డర్ పెడితే నెల రోజులు గోడకు ఆనించి చూసుకోవాల్సిందే.

2. శ్రుతి

తీగలన్నీ ఒకేలా కనిపించి కంగారు పెడతాయి. ఎర్ర తీగలు సీ, నీలివి లేదా నల్లవి ఎఫ్. ఈ రెండూ పట్టుకుంటే మిగతావి లెక్క పెట్టుకోవచ్చు.

మొదట లీవర్లన్నీ కిందికి దించండి. ఫోన్‌లో ట్యూనర్ యాప్ పెట్టుకుని, ఒక్కో తీగనూ సీ మేజర్‌కు శ్రుతి చేయండి. కీ తిప్పేటప్పుడు కొంచెం కొంచెంగానే తిప్పాలి. పక్క తీగ మీటుతూ ఇంకో తీగ పిన్ను తిప్పి పుటుక్కున తెంచడం అందరూ ఒకసారైనా చేసే పని. నేనూ చేశాను. కొత్త తీగలు సాగుతూనే ఉంటాయి కాబట్టి మొదటి కొన్ని వారాలు రోజూ శ్రుతి చేయాల్సి వస్తుంది. దానికి టెన్షన్ పడకండి. ఎండలో ఆపిన కారులో, ఏసీ గాలికి ఎదురుగా మాత్రం హార్ప్‌ను ఎప్పుడూ ఉంచకండి.

కర్ణాటక సంగీతం కాస్త వచ్చినవాళ్ళకు ఇక్కడ ఒక సరదా ఉంది. సీ మేజర్ స్వరాలు మన శంకరాభరణానివే. ఎఫ్ లీవర్లన్నీ ఎత్తి, సీనే షడ్జమం అనుకోండి. శుద్ధ మధ్యమం ప్రతి మధ్యమమై కల్యాణి స్వరాలు వచ్చేస్తాయి. లీవర్లన్నీ మళ్ళీ కిందికి దించి, డీని షడ్జమం చేసుకుంటే ఖరహరప్రియ, జీని చేసుకుంటే హరికాంభోజి. ఐరిష్ బాణీల్లో చాలావరకు ఇలాంటి స్వరస్థానాల మీదే నడుస్తాయి. గమకాలు మాత్రం ఉండవు. ఒక్క మాట, ఒక ఎఫ్ లీవర్ ఎత్తితే అన్ని ఎఫ్‌లూ మారవు. ప్రతి స్థాయిలోనూ విడిగా ఎత్తాలి.

3. కూర్చోవడం, చేతులు పెట్టడం

చేతుల్లేని కుర్చీలో అంచుకు జరిగి కూర్చోండి. హార్ప్‌ను మీ వైపు వంచి, కుడి భుజానికి ఆనించండి. బరువు భుజం మీద పడకూడదు, తేలిగ్గా నిలబడాలి. కుడి చేయి పై స్వరాలకు, ఎడమ చేయి మంద్రానికి. చిటికెన వేలు వాడరు. బొటనవేలు 1, చూపుడు వేలు 2, మధ్యవేలు 3, ఉంగరం వేలు 4.

బొటనవేలు పైకి, మిగతా వేళ్ళు కిందికి చూడాలి. వేలి కండతో తీగను నొక్కి, అరచేతిలోకి లాగి మూసేయాలి. గిటార్‌లా బయటికి గీకకూడదు. నైలాన్ తీగలకు గోళ్ళు కత్తిరించుకోండి. పాత రోజుల్లో లోహపు తీగల్ని గోళ్ళతోనే వాయించేవారు. 1792లో బెల్ఫాస్ట్‌లో, అప్పటికి మిగిలి ఉన్న పాతకాలపు హార్ప్ విద్వాంసుల్ని పిలిచి సభ పెట్టినప్పుడు, తొంభై దాటిన డెనిస్ హెంప్సన్ అలాగే వాయించాడు. ఆ బాణీల్ని రాసిపెట్టడానికి కూర్చోబెట్టిన ఎడ్వర్డ్ బంటింగ్‌కు అప్పుడు 19 ఏళ్ళు. ఈ రోజు మనం వాయించేవాటిలో చాలా బాణీలు అతని కాగితాల వల్లే దక్కాయి.

అసలు కిటుకు వేళ్ళను ముందే పెట్టుకోవడం. నాలుగు స్వరాలు దిగాలంటే 1, 2, 3, 4 వేళ్ళను నాలుగు తీగల మీదా ఒకేసారి పెట్టి, ఆ తర్వాత ఒక్కొక్కటీ మీటాలి. పైకి వెళ్ళేటప్పుడు 4, 3, 2 మీటాక బొటనవేలు ఇంకా తీగ మీదుండగానే నాలుగో వేలు దాని కిందుగా దూరి తర్వాతి తీగను పట్టుకోవాలి. మొదట ఇది చెయ్యి మెలికపడినట్టు అనిపిస్తుంది. రోజుకు పదిహేను నిమిషాలు, చాలా నెమ్మదిగా చేయండి. మోగుతున్న తీగ మీద వేలు పెడితే జుయ్‌మంటుంది, అది కాలంతో పోతుంది.

ఎడమ చేతికి స, ప, పై స చాలు. వేళ్ళు 4, 2, 1. దీంతోనే ఏడాది నెట్టుకు రావచ్చు.

4. మొదటి పాట

టర్లో ఓ’కెరోలన్ (1670–1738) మశూచితో చూపు పోయాక హార్ప్ నేర్చుకుని, గుర్రం మీద ఊరూరా తిరిగి వాయించిన మనిషి. ఆయన మొదటి రచనగా చెప్పే ‘షీ బెగ్ షీ మోర్’ కొత్తవాళ్ళందరికీ దాదాపు అక్షరాభ్యాసం లాంటిది. సాధారణంగా డీ మేజర్‌లో వాయిస్తారు. సీ మేజర్‌కు శ్రుతి చేసిన హార్ప్ మీద సీ, ఎఫ్ లీవర్లు ఎత్తితే సరిపోతుంది. ముందు పదిసార్లు విని, నోటితో పాడి, అప్పుడు తీగల మీద వెతుక్కోండి. నొటేషన్ తర్వాత చూసుకోవచ్చు.

5. నలుగురిలోకి

హార్ప్‌వాళ్ళు కలిసేది రెండు రకాలుగా. ఒకటి హార్ప్‌లే పది పదిహేను కలిసే బృందం. అందులో తేలిక భాగం ఒకటి ఎప్పుడూ ఉంటుంది. మీరు మంద్రంలో స, ప మీటుతూ కూర్చుంటే చాలు, తాళం దానంతటదే ఒంటబడుతుంది. రెండోది పబ్‌లో అందరూ చేరి బాణీలు వాయించే సెషన్. ఫిడేళ్ళ హోరులో హార్ప్ గొంతు వినపడదు. మొదటిసారి ఊరికే కూర్చుని వినండి, కొత్తవాళ్ళ కోసం నెమ్మదిగా వాయించే సెషన్ ఉందేమో అడగండి. రాని పాటలో తీగలు తడుముకోవడం అక్కడ మర్యాద కాదు.

ఐర్లండ్‌లో ఏటా అక్టోబరులో లా న క్రుచ్ పేరుతో హార్ప్ దినం జరుపుతారు. ఐరిష్ హార్ప్ వాయించే కళ 2019లో యునెస్కో సాంస్కృతిక వారసత్వ జాబితాకెక్కింది. లూత్ కౌంటీలోని టర్మన్‌ఫెకిన్‌లో వేసవి శిక్షణ, ఎడిన్‌బరోలో అంతర్జాతీయ హార్ప్ ఉత్సవం జరుగుతాయి. మన దగ్గర నుంచి వెళ్ళలేకపోతే ఆన్‌లైన్ గురువును వెతుక్కోండి, కానీ వారానికి ఒకసారైనా మీ చేతులు కెమెరాలో ఆయనకు కనబడాలి. వీణ, వయొలిన్ వాయించే స్నేహితులుంటే వాళ్ళతో కూర్చోండి, బృందం అంటే అది కూడా.

ఎక్కడికెళ్ళినా ‘మీ ఊరి పాట ఒకటి’ అని అడుగుతారు. గమకం లేకుండా హార్ప్ మీద కీర్తన వాయించడం కష్టం. ముత్తుస్వామి దీక్షితార్ నొట్టుస్వరాలు అందుకు సరిగ్గా సరిపోతాయి. పాశ్చాత్య బాణీల తీరులో శంకరాభరణంలో కట్టినవి, లీవర్ కూడా కదపక్కర్లేదు. ‘సంతతం పాహిమాం’ ఒక్కటి మాత్రం డబ్లిన్‌లో తీయకండి. దాని బాణీ బ్రిటిష్ జాతీయ గీతానిది.