ఎడారిలో వసంతానికి ముందు తోట పని మొదలుపెట్టడం ఎలా?

ఎడారికి వసంతం చుట్టపుచూపుగా వస్తుంది. చలి తగ్గీ తగ్గకముందే ఎండ ముదురుతుంది. అందుకే చలి ఉండగానే పనిలోకి దిగాలి. అయితే ముందు పట్టవలసింది గునపం కాదు, నడకదారి.

తెల్లవారగానే బయలుదేరండి. రాత్రి తిరిగిన జీవుల అడుగులు ఇసుకలో అప్పటికింకా చెరిగిపోవు. ఏదైనా పెద్ద పొద దగ్గర ఆగి, మొదట్లోకి వంగి చూడండి. లేత మొక్కలన్నీ అక్కడే తలదాచుకుని ఉంటాయి. అమెరికా, మెక్సికోల్లో పరచుకున్న సొనోరన్ ఎడారిలో 12 మీటర్లకు పైగా ఎదిగే సగువారో కాక్టస్ కూడా పసితనంలో చాలావరకు పాలో వెర్డే వంటి చెట్ల నీడనే బతుకుతుంది. మీ తోటకూ కావలసింది అదే: కాస్త నీడ, గాలికి మరుగు. నేల మీద నల్లగా, గరుకుగా పెచ్చు కట్టిన చోట మాత్రం కాలు పెట్టకండి. సూక్ష్మజీవులు, నాచు, లైకెన్లనే పెచ్చులాంటి జీవులు కలిసి ఇసుకను పట్టి ఉంచే ప్రాణమున్న పొర అది. ఒకసారి చెదిరితే కోలుకోవడానికి ఏళ్లు పడుతుంది. వేడి పెరిగే కొద్దీ పాములు, తేళ్లు బయటికి వస్తాయి కాబట్టి రాళ్ల సందుల్లో చేతులు పెట్టవద్దు.

ఇంటికి వచ్చాక 30 సెంటీమీటర్ల లోతు గొయ్యి తీసి నీళ్లు పోయండి. అవి ఇంకిపోయాక మళ్లీ నింపండి. మర్నాటికీ నీళ్లు నిలిచే ఉంటే అడుగున గట్టి సున్నపు పొర ఉండవచ్చు. గునపంతో దాన్ని పగలగొట్టాలి, లేదా చోటు మార్చుకోవాలి.

చాలాచోట్ల మడులను ఎత్తుగా కడతారు. ఇక్కడ అది పొరపాటు. మడిని నేలకంటే పల్లంగా తవ్వి, చుట్టూ మట్టితో గట్టు వేయండి. అమెరికాలోని న్యూమెక్సికో రాష్ట్రంలో జూనీ ఆదివాసులు తరతరాలుగా ఇలాంటి చదరపు పాదుల్లోనే పంట పండించారు.

నీటికి డ్రిప్పు పైపులు మంచివే, కానీ నా ఓటు మట్టికుండకే. పూత వేయని, అడుగున చిల్లు లేని కుండను మెడ వరకు మడిలో పాతి, నీళ్లు నింపి మూత పెట్టండి. మూత లేకపోతే నీరు ఆవిరవుతుంది, దోమలూ చేరతాయి. చుట్టూ మట్టి ఆరే కొద్దీ కుండ గోడలోంచి చెమ్మ ఊరుతుంది. కొన్నాళ్లకు వేళ్లు వచ్చి కుండను వాటేసుకుంటాయి. ఈ పద్ధతి గురించి చైనాలో 2,000 ఏళ్ల కిందటే రాసి పెట్టారు.

మంచు కురిసే రోజులు పోగానే టమాటా నారు నాటేయండి. పగటి వేడి 35 డిగ్రీలు దాటితే పూత రాలుతుంది, అప్పుడు ఎన్ని నీళ్లు పోసినా లాభం లేదు. నాటడానికి సాయంత్రమే మేలు. చలికి మాడిన కొమ్మలను మాత్రం తొందరపడి కొట్టేయవద్దు. చూడటానికి బాగుండకపోయినా లోపలి చిగురుకు అవే దుప్పటి.

చెట్లకు రోజూ చిలకరిస్తే ఉప్పు పైకి తేలి నేల తెల్లబారుతుంది. అరుదుగా, లోతుగా తడపండి. సన్నని ఇనుప చువ్వను గుచ్చి చూడండి. తడి ఉన్నంత మేరా సులువుగా దిగుతుంది. కూరగాయలకు 30 సెంటీమీటర్లు, పెద్ద చెట్లకు 90 సెంటీమీటర్ల వరకు దిగాలి. ఆపైన ఎండుటాకులు మందంగా పరచండి, కాండానికి తగలకుండా.

ఒక మూలను అలాగే వదిలేయండి. చలికాలపు వానకు అక్కడ మొలిచినదాన్ని కలుపని పీకేయకండి, పువ్వు పూసేదాకా ఆగి చూడండి.