చారిత్రక నవలాభిమానులు నెలనెలా తమ ఎంపికలు పంచుకోవడం ఎలా?

"ఈ నెల ఏం చదువుతున్నారు?" అని అడిగితే సాధారణంగా ఒక పుస్తకం పేరు వస్తుంది, వెనకాలే "చాలా బాగుంటుందట" అన్న మాట. విన్నవాళ్లు ఆ జవాబుతో చేయగలిగింది ఏమీ లేదు. చారిత్రక నవల అన్న ఒక్క ముద్ర కిందే రెండు రాత్రుల్లో ముగిసే 180 పేజీల కథా ఉంటుంది, మూడు తరాల మీదుగా 1,200 పేజీలు నడిచే గ్రంథమూ ఉంటుంది. ఏ కాలం, ఎవరి కళ్లతో చూపించారు, ఎంత బరువు, ఎక్కడ కష్టపెడుతుంది అన్నవి తెలిస్తేనే ఇంకొకరు ఆ పుస్తకం అందుకోవాలో వద్దో తేల్చుకోగలరు. నలుగురి నుంచి పదిమంది దాకా ఉన్న బృందానికి పనికొచ్చే పద్ధతి ఇది.

1. ముందు గిరి గీసుకోండి

ఏది చారిత్రకం అన్న తగువు మొదటి నెలలోనే తీర్చుకోకపోతే ప్రతి నెలా తిరిగొస్తుంది. స్కాట్లండ్ రచయిత వాల్టర్ స్కాట్ 1814లో తన నవల 'వేవర్లీ' ప్రచురిస్తూ "అరవై ఏళ్ల కిందట" అన్న ఉపశీర్షిక పెట్టాడు. స్కాట్లండ్‌లో 1745 నాటి తిరుగుబాటు ఆ కథకు నేపథ్యం. ఆయన పేరిట ఇచ్చే చారిత్రక నవలా బహుమతికి ఇప్పటికీ ఆ అరవై ఏళ్ల లెక్కే కొలమానం. యాభై ఏళ్లు చాలనే వాళ్లూ ఉన్నారు. మీరు ఏది పెట్టుకున్నా ఫరవాలేదు కానీ ఒక్కటే పెట్టుకోండి.

లెక్కపెట్టాల్సిన దూరం కథాకాలానికీ రచనాకాలానికీ మధ్యది. మనం చదివే ఏడాదితో దానికి సంబంధం లేదు. రెండు వందల ఏళ్ల కిందటి రచయిత తన చుట్టూ ఉన్న మనుషుల గురించి తన రోజుల్లోనే రాస్తే అది సాంఘిక నవల. మనకు ఎంత పాతగా కనిపించినా చారిత్రకం అయిపోదు. కొత్తగా చేరినవాళ్లు ఎక్కువగా తడబడేది ఇక్కడే.

గట్టు మీద ఉండే రకాలు కొన్ని ఉన్నాయి: పౌరాణిక కథల పునఃకథనాలు, కాలంలో వెనక్కి ప్రయాణించే కథలు, "ఆ యుద్ధంలో వాళ్లు గెలిచి ఉంటే" అన్న ఊహాచరిత్రలు, కల్పన కలిసిన జీవిత కథలు. ఒక్కోదానికి ఔను, కాదు అని రాసుకోండి. పౌరాణికాన్ని విడిగా ఉంచడమే మేలు. తేదీలూ ఆధారాలూ అడగడానికి వీల్లేని కథను, వాటి మీదే నిలబడే కథనూ ఒకే తక్కెడలో తూచలేం.

2. మీ వేగం కొలవండి

ఎంపికల జాబితాలు తప్పడానికి మొదటి కారణం అత్యాశ. ఒక చారిత్రక నవల తీసుకుని 20 పేజీలు మామూలుగా చదవండి, ఎన్ని నిమిషాలు పట్టిందో చూడండి. 40 నిమిషాలు పడితే గంటకు 30 పేజీలన్నమాట. రోజుకు 45 నిమిషాలు, నెలలో 25 రోజులు చదవగలిగితే దాదాపు 19 గంటలు. అంటే 560 పేజీలు. ఇందులో అయిదో వంతు తీసేయండి, మిగిలేది 450. ఆ తీసివేత ఊరికే కాదు. చారిత్రక నవలలో మొదటి 50 పేజీలు నెమ్మదిగా సాగుతాయి. బిరుదులు, బంధుత్వాలు, ఊళ్ల పాత పేర్లు, పటం కోసం వెనక్కి తిప్పడాలు అక్కడే ఎక్కువ.

కొలవడానికి సాంఘిక నవలనో డిటెక్టివ్ నవలనో వాడకండి. సంఖ్య పెద్దదే వస్తుంది, నెలాఖరుకు బాకీ మిగులుతుంది.

3. మూడు గళ్లు నింపండి

ఒక్కొక్కరు నెలకు మూడు పుస్తకాల వరకే చెప్పాలి. మొదటిది ప్రధాన ఎంపిక, మీ పేజీల లెక్కలో మూడింట రెండు వంతులు మించనిది. రెండోది చిన్నది, 200 పేజీల లోపు, వేరే శతాబ్దానిదో వేరే ఖండానిదో. మూడోది పాత బాకీ: సగంలో ఆగినదో, గత నెల ఇంకొకరు చెప్పగా మీకు నచ్చినదో. ప్రధాన ఎంపిక 900 పేజీలదైతే దాన్ని రెండు మూడు నెలలకు పంచి, ఏ నెల ఏ అధ్యాయం దాకానో ముందే చెప్పండి.

వరసగా రెండు నెలలు ఒకే యుద్ధం, ఒకే రాజవంశం వద్దు. ఒకే కాలంలో మూడు నవలలు వెంటవెంటనే చదివితే పాత్రలు ఒకదాన్లోంచి ఇంకోదాన్లోకి నడిచొస్తాయి. ఏ సంఘటన ఎందులోదో గుర్తుండదు. దీనికి ఒక మినహాయింపు ఉంది: ఒకే సంఘటనను ఎదురెదురు పక్షాల నుంచి చెప్పిన రెండు నవలలు. వాటిని పక్కపక్కనే చదవాలి, ఆ రుచి వేరు.

4. ఎంపిక చీటీ రాయండి

పద్ధతి మొత్తానికి గుండెకాయ ఇదే. ఎనిమిది, పది పంక్తులు మించనివ్వకండి. అందులో ఉండాల్సినవి: పేరు, రచయిత, అనువాదమైతే అనువాదకులు, మొదట వెలువడిన ఏడాది, మీ ప్రతిలో పేజీల సంఖ్య, కథ నడిచే కాలం, చోటు, కథ చెప్పేది ఎవరు, పాత్రల పట్టిక, పటం ఉన్నాయా, ఎక్కడ కష్టపెడుతుంది, హింస ఏ మోతాదులో ఉంది, చివరగా, ఎందుకు ఎంచుకున్నారో ఒక్క వాక్యం.

నమూనాకు ఒకటి:

"ది నేమ్ ఆఫ్ ది రోజ్. ఉంబెర్టో ఎకో. ఇటాలియన్ మూలం 1980, విలియం వీవర్ ఆంగ్లానువాదం 1983. దాదాపు 500 పేజీలు. 1327 నవంబరు చివర, ఉత్తర ఇటలీ కొండల్లో ఒక క్రైస్తవ మఠం, ఏడు రోజుల కథ. పడుచు వయసులో చూసినదాన్ని ముసలితనంలో గుర్తుచేసుకుంటూ ఒక సన్యాసి చెబుతాడు. అధ్యాయాలు రోజులుగా, ప్రార్థన వేళలుగా విడదీసి ఉంటాయి. లాటిన్ వాక్యాలు అక్కడక్కడా వస్తాయి, తెలియకపోయినా కథ ఆగదు. హత్యలున్నాయి. మొదటి 100 పేజీలు ఓపిక అడుగుతాయి. మతవాదాల గొడవకు నేర పరిశోధన ఎలా అతికిందో చూద్దామని ఎంచుకున్నాను."

ఇందులో "100 పేజీలు ఓపిక అడుగుతాయి" అన్న ముక్క చాలా విలువైనది. ఆ భాగం కుదించమని సలహా వచ్చినా కావాలనే అలాగే ఉంచానని ఎకో తర్వాత రాశాడు. మఠంలోకి వెళ్లదలచినవాడు మఠం నడకకు అలవాటు పడాలట. ఇది ముందే తెలిసినవాళ్లు 60వ పేజీ దగ్గర "నాకు అర్థం కావడం లేదేమో" అని పుస్తకం మూసేయరు. అలాగే హిలరీ మాంటెల్ 'వుల్ఫ్ హాల్' ఎంచుకుంటే, "అతను" అని ఊరికే వస్తే చాలాసార్లు అది కథానాయకుడు థామస్ క్రామ్‌వెల్ అని ఒక్క మాట రాయండి. ఎంతోమంది పాఠకులు తప్పిపోయేది ఆ సర్వనామం దగ్గరే.

చదవకముందే ఇవన్నీ ఎలా రాస్తామంటారా? వెనక అట్టను నమ్మకండి. అది అమ్మడానికి రాసినది. మొదటి 10 పేజీలు, మధ్యలో ఎక్కడైనా 2 పేజీలు, విషయసూచిక, పాత్రల పట్టిక చూస్తే చాలు, అరగంట పని. ముందుమాట జోలికి మాత్రం పోకండి. పాత నవలల కొత్త ముద్రణల్లో సంపాదకులు కథంతా విప్పి పెడుతుంటారు.

5. తేదీలు కట్టుకోండి

నెల 25వ తేదీకి చీటీలన్నీ ఒకచోట చేరాలి. 28కల్లా అందరూ చదివి, ఎవరి పుస్తకం మీద మనసు పడ్డారో చెప్పాలి. ఇద్దరు ముగ్గురు ఒకే పుస్తకం మీద కలిస్తే అది ఉమ్మడి చదువు. కలవకపోతే ఎవరిది వారిదే. అందర్నీ ఒకే పుస్తకానికి కట్టేయాలని చూస్తే రెండో నెలకే సగంమంది జారుకుంటారు. 12వ తేదీ ప్రాంతంలో ఒక్క పంక్తి కబురు చాలు: ఎక్కడిదాకా వచ్చారు, కొనసాగిస్తారా.

6. ఎక్కడున్నారో చెప్పడం

"214వ పేజీలో ఉన్నాను" అంటే ఇంకో ముద్రణ చదివేవారికి అర్థం కాదు. తెర మీద అక్షరాలు పెద్దవి చేసుకుని చదివేవారికి అసలు పేజీలే ఉండవు. అధ్యాయం సంఖ్యే చెప్పండి. దాంట్లోనూ ఒక మెలిక ఉంది. టాల్‌స్టాయ్ 'యుద్ధమూ శాంతీ' కొన్ని ముద్రణల్లో నాలుగు సంపుటాలు, వాటిలో మళ్లీ భాగాలు. మరికొన్నిట్లో అదంతా వరసగా పదిహేను పుస్తకాలు. ఒకరి రెండో సంపుటం మూడో భాగం ఇంకొకరికి ఆరో పుస్తకం. అలాంటప్పుడు సంఘటన పేరే గుర్తు: "ఆస్టర్‌లిట్జ్ యుద్ధం అయిపోయింది" అనండి.

తేదీలు సరిపోలక వచ్చే వాదాలు ఇంకో రకం. నెపోలియన్ సేనతో రష్యా చేసిన బొరొదినో యుద్ధం 1812 ఆగస్టు 26న అని ఒకరు, సెప్టెంబరు 7న అని ఒకరు పట్టుబడితే ఇద్దరూ ఒప్పే. రష్యా 1918 దాకా పాత జూలియన్ క్యాలెండరు వాడింది, ఇప్పటి గ్రెగోరియన్ క్యాలెండరుతో 19వ శతాబ్దంలో దాని తేడా 12 రోజులు. బ్రిటన్ 1752లో మారింది, సెప్టెంబరు 2 తర్వాత నేరుగా 14 వచ్చింది. శాసనాల మీద అల్లిన నవలల్లో శక సంవత్సరాలు వస్తాయి. 78 కలపండి: శక 1200 అంటే దాదాపు క్రీ.శ. 1278. ఒక ఏడు అటూ ఇటూ కావచ్చు, దానికి రచయితను నిలదీయకండి.

7. ఏది దాచాలి, ఏది చెప్పాలి

రాజు యుద్ధంలో చనిపోతాడని చరిత్ర చదివిన ప్రతివారికీ తెలుసు కదా అనుకుంటాం. తెలియని వాళ్లూ ఉంటారు. సులువైన నియమం: కథ మొదలయ్యేటప్పటికి జరిగిపోయిన చరిత్రను స్వేచ్ఛగా చెప్పొచ్చు. కథ నడిచే కాలంలో జరిగేవి, అవి ఎంత ప్రసిద్ధమైనవైనా, చీటీలో వద్దు. కల్పిత పాత్రల గతి అసలే వద్దు. వాళ్లు బతుకుతారో లేదో ఏ చరిత్ర పుస్తకంలోనూ దొరకదు. పాఠకుణ్ని చివరిదాకా లాగేది ఆ సందేహమే.

రచయిత చివర్లో "ఇక్కడ తేదీ మార్చాను, ఈ ఇద్దర్నీ ఒకరిగా కలిపాను" అని రాసే మాట పుస్తకం ముగిశాకే చదవాలి. తర్వాత మాత్రం వదలకండి. తర్వాతి అంచెకు అదే ముడిసరుకు.

8. నెలాఖరు లెక్క చెప్పండి

పుస్తకానికి అయిదారు పంక్తులు. చుక్కలు, మార్కులు ఇవ్వకండి. నాలుగు చుక్కలు అన్నవారి అభిరుచి మీకు తెలియకపోతే ఆ నాలుగూ మీకు సున్నాతో సమానం. ఈ మూడు చెప్పండి: చరిత్రలో లేనిది రచయిత ఏం కల్పించారు, అది అతికిందా; ఆ కాలానికి పొసగని వస్తువో మాటో ఆలోచనో ఎక్కడైనా తగిలిందా; చీటీలో మీరు రాసిన కారణం నెరవేరిందా.

రెండోదానితో జాగ్రత్త. తప్పు పట్టడం సరదా పని, త్వరగా వ్యసనమవుతుంది. పదిహేనో శతాబ్దపు యూరప్ వంటింట్లో బంగాళాదుంప కనిపిస్తే అది నిజంగా తప్పే. ఆ పంట అమెరికా ఖండం నుంచి యూరప్‌కు చేరింది పదహారో శతాబ్దంలో. పాత్రలు మనలా తేలిక భాషలో మాట్లాడుకోవడం మాత్రం తప్పు కాదు, రచయిత ఎంచుకున్న దారి. పాత్రల ఆలోచనల్లో మన కాలం చొరబడితే అది అన్నిటికన్నా పెద్ద తప్పు, కనిపెట్టడం అన్నిటికన్నా కష్టం.

వదిలేసిన పుస్తకాల లెక్క తప్పనిసరి. ఏ అధ్యాయంలో వదిలారు, కారణం పుస్తకానిదా, అనువాదానిదా, మీ తీరికదా అన్నది విడగొట్టి చెప్పండి. అనువాదం వల్లనైతే ఇంకో అనువాదం ప్రయత్నించవచ్చు. తీరిక లేకనైతే అది వచ్చే నెల మూడో గడిలోకి వెళ్తుంది. పుస్తకానిదే అయితే మిగతావారికి ఒక నెల మిగులుతుంది. పూర్తి చేసినవే చెప్పుకునే బృందంలో అందరూ అన్నీ మెచ్చుకుంటారు, మూడు నెలలకల్లా ఎవరి మాటా ఎవరూ నమ్మరు.

9. చీటీలు పారేయకండి

ఒక నోటుబుక్కులోనో పట్టికలోనో నాలుగు నిలువు గళ్లు గీయండి: శతాబ్దం, చోటు, కథ చెప్పినవారు, ముగిసిందా. ఆరు నెలలు తిరిగాక మూడో గడిని పైనుంచి కిందికి చదవండి. రాజులు, సేనాధిపతులు, రాణులు, మళ్లీ రాజులు అని వరసగా కనిపిస్తే, వచ్చే నెల చీటీ ఎవరి వంతైనా సరే, వంటవాడో పడవవాడో లేఖకుడో దాసీయో చెప్పిన కథ వెతకమని వారికి అప్పగించండి.